బండి పరీక్ష చీటీని చదవడం ఎలా?

మన ఇళ్ళల్లో పాత బండి కొనే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇంటి మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు, తెలిసిన మెకానిక్కు ఒకరు వెళ్ళి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరుని కాలితో తట్టి, బానెట్టు ఎత్తి చూసి "బండి బాగానే ఉంది" అంటారు. ఆ ఒక్క మాట మీద ఐదు లక్షలో పది లక్షలో చేతులు మారిపోతాయి. ఏం చూశారు, ఏది బాగుంది, ఏది ఇంకో ఏడాదిలో ఖర్చు పెట్టిస్తుంది అని మనం అడిగితే "అవన్నీ నీకెందుకమ్మా" అన్న జవాబే వస్తుంది. తీరా ఆ బండిలో కూర్చునేది ఇంటిల్లిపాదీ. ఇప్పుడు లోను కంతులు కట్టేవాళ్ళలో ఉద్యోగాలకు వెళ్ళే ఆడపిల్లలూ ఉన్నారు. మరి అడిగే హక్కు మనకు లేదా?

బండిని చూసి చెప్పడం ఒక విద్య. దానికి షెడ్డులో ఏళ్ళ తరబడి చెయ్యి నలగాలి. బండి గురించి రాసిన కాగితాన్ని చదవడం ఇంకో విద్య. అది చదువుకున్న ఎవరికైనా పట్టుబడుతుంది. తెలుగు శాఖలో కూర్చుని మాట మాటకూ అర్థం వెతికే మనకు ఇంకా తొందరగా పట్టుబడుతుంది. ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. ఉదాహరణ కోసం కాస్త దూరం, బ్రిటన్ దాకా వెళ్ళాలి. ఎందుకంటే అక్కడ ప్రతి కారుకీ ఏటేటా పరీక్ష జరుగుతుంది, ఆ ఫలితాలు ఎవరైనా చదువుకోవచ్చు. పై చదువులకని అక్కడికి వెళ్ళే మనవాళ్ళు కూడా తక్కువేం కాదు. వాళ్ళలో కారు కొనేవాళ్ళకు ముందుగా ఎదురయ్యేది ఈ కాగితమే.

ఎం.ఓ.టీ. అంటే ఏమిటి?

బ్రిటన్‌లో కారు పరీక్షని ఎం.ఓ.టీ. అంటారు. మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ అన్న మాటకి అది పొడి రూపం. ఆ పేరుగల మంత్రిత్వశాఖ ఇప్పుడు లేదు, పరీక్షకి మాత్రం ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. 1960లో ఇది మొదలైనప్పుడు పదేళ్ళు దాటిన బళ్ళకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగు వరకే చూసేవారు. ఆ మరుసటి ఏడాదే పదేళ్ళను ఏడేళ్ళు చేశారు. 1967 నుంచి మూడేళ్ళు అయ్యింది. ఇప్పుడు ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో కారుకి మూడేళ్ళు నిండగానే మొదటి పరీక్ష, ఆ తర్వాత ఏడాదికొకసారి తప్పనిసరి. కారుకి గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు.

పరీక్ష చేసేది ప్రభుత్వం అనుమతి ఇచ్చిన గ్యారేజీల్లో. పరీక్షకుడు ఏ భాగాన్నీ విప్పడు. కంటికి కనిపించేది చూస్తాడు, చేత్తో ఊపి చూస్తాడు, బండిని లిఫ్ట్ మీద ఎత్తి కింద చూస్తాడు, బ్రేకుల్ని యంత్రం మీద కొలుస్తాడు. ఫలితం నేరుగా ప్రభుత్వ కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే చాలు, 2005 నుంచి ఆ బండికి జరిగిన పరీక్షలు, పాసో ఫెయిలో, ఎందుకు ఫెయిలైందో, ఆ రోజు మీటరు ఎంత చూపించిందో అన్నీ కనిపిస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. యజమాని అనుమతీ అక్కర్లేదు.

అరుగుతోంది, అరిగింది, అరిగిపోయింది

2018 మే 20 నుంచి ఈ చీటీలో లోపాల్ని తరగతులుగా విడదీసి రాస్తున్నారు. ఆ మాటలు తెలిస్తే సగం చీటీ అర్థమైనట్టే.

డేంజరస్: వెంటనే ప్రమాదం. బండి ఫెయిల్. బాగుచేసేదాకా రోడ్డెక్కకూడదు.

మేజర్: భద్రతకు గట్టి దెబ్బ తగిలే లోపం. ఇదీ ఫెయిలే. వెంటనే బాగు చేయించాలి.

మైనర్: చిన్న లోపం. బండి పాస్ అవుతుంది, కానీ తొందరగా సరిచేయించుకోవాలి.

అడ్వైజరీ: ఇప్పటికి లోపం కాదు, రేపు అవ్వచ్చు. ఒక కన్నేసి ఉంచండి అని చెప్పడం.

మన తెలుగు వ్యాకరణం ఇక్కడే పనికొస్తుంది. ఒకే బుష్షు గురించి పరీక్షకుడు "అరిగింది గానీ మరీ ఎక్కువ కదలిక లేదు" అని రాస్తే అది అడ్వైజరీ. "మితిమీరి అరిగింది" అని రాస్తే మేజర్. వస్తువు అదే, క్రియ అదే, విశేషణం మాత్రం మారింది. మనం మాట్లాడేటప్పుడు ఇంకా తేలిగ్గా తేడా చూపిస్తాం. "అరుగుతోంది" అంటే చూసుకోమని, "అరిగింది" అంటే డబ్బు సిద్ధం చేసుకోమని, "అరిగిపోయింది" అంటే ఇక వాడొద్దని. 'పోవు' అన్న సహాయక క్రియ ఒక్కటి చేరేసరికి వెనక్కి రాలేని స్థితి అయింది. చీటీ చదివేటప్పుడు నామవాచకాల్ని చూసి భయపడకుండా ఈ క్రియల్నీ విశేషణాల్నీ పట్టుకోవాలి. బుష్షు అంటే ఏమిటో తెలియకపోయినా, అది అరుగుతోందో అరిగిపోయిందో తెలిస్తే బేరం ఆడవచ్చు.

ఇంకో రెండు మాటలు. నియర్‌సైడ్ అంటే ఫుట్‌పాత్ వైపు, అంటే ఎడమ. ఆఫ్‌సైడ్ అంటే డ్రైవరు వైపు, అంటే కుడి. వాళ్ళూ మనలాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుపుతారు గనక ఇందులో తికమక లేదు.

ఉదాహరణకి ఒక బండి

మిత్సుబిషి ఔట్‌లాండర్ పీ.హెచ్.ఈ.వీ. అనే ఎస్‌యూవీని తీసుకుందాం. బ్రిటన్‌లో 2014లో అమ్మకానికి వచ్చింది. ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకునే హైబ్రిడ్లలో అక్కడ బాగా అమ్ముడుపోయిన బండి ఇదే. 2021లో ఆ కంపెనీ అక్కడ కొత్త కార్ల అమ్మకం ఆపేసింది. కాబట్టి అప్పటిదాకా అక్కడ అమ్మిన ఔట్‌లాండర్లన్నీ చేతులు మారినవో, మారబోయేవో.

మొదట వచ్చిన బండిలో 2 లీటర్ల పెట్రోలు ఇంజను, ముందు చక్రాలకు ఒక మోటారు, వెనక చక్రాలకు ఒక మోటారు, నేల కింద 12 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. బరువు 1,800 కిలోలకు పైనే. ఈ రెండు సంగతులు, అంటే మోటార్లు ఉండటం, బరువు ఎక్కువ ఉండటం, గుర్తుపెట్టుకోండి. ఈ బండి పరీక్షలో ఎక్కడ తడబడుతుందో చాలావరకు వీటినిబట్టే చెప్పవచ్చు.

ఎక్కడెక్కడ ఫెయిలవుతాయి?

బ్రిటన్‌లో అన్ని రకాల కార్లనూ కలిపి చూస్తే ఫెయిలవడానికి ముఖ్య కారణాలు ఇవే: లైట్లు, సస్పెన్షను, బ్రేకులు, టైర్లు, డ్రైవరుకి రోడ్డు కనపడటానికి సంబంధించిన అద్దాలు, వైపర్లు. హైబ్రిడ్ ఎస్‌యూవీ కూడా ఈ జాబితాలోంచి తప్పించుకోదు. బ్యాటరీ పేలుతుందేమో, మోటారు ఆగుతుందేమో అని మనం భయపడతాం. చీటీలో కనిపించేవి మాత్రం పది రూపాయల బల్బు దగ్గర్నుంచి మొదలయ్యే మామూలు సంగతులే. కాకపోతే కొన్ని భాగాలు హైబ్రిడ్‌లో వేరే తీరుగా పాడవుతాయి.

బ్రేకులు: మామూలు కారులో బ్రేకు తొక్కినప్పుడల్లా ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి, రెండూ అరుగుతాయి. హైబ్రిడ్‌లో అలా కాదు. కాలు యాక్సిలరేటర్ మీంచి తీయగానే మోటారు జనరేటరుగా మారి, బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. దాంతోనే బండి నెమ్మదిస్తుంది. దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. ఔట్‌లాండర్‌లో దీని బలాన్ని స్టీరింగు వెనక ఉన్న మీటలతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అందువల్ల ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. వినడానికి లాభంగానే ఉంది కదా? ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇనుప డిస్కు మీద తుప్పు పట్టకుండా కాపాడేది ఆ రాపిడే. రోజూ తోమే గిన్నె మెరుస్తుంది, అటక మీద పెట్టిన గిన్నె చిలుము పడుతుంది. వానా, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ కలిసి, వాడకం తక్కువైన డిస్కుని తినేస్తాయి. చీటీలో మొదట "డిస్కు తుప్పు పట్టి గుంతలు పడింది, ఇంకా బలహీనం కాలేదు" అని అడ్వైజరీగా వస్తుంది. ఆ తర్వాత క్యాలిపరు పిన్నులు బిగుసుకుపోయి ఒక పక్క బ్రేకు గట్టిగా, ఇంకో పక్క మెత్తగా పడుతుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల బ్రేకు బలంలో తేడా 30 శాతం దాటితే ఫెయిల్. 2010 సెప్టెంబరు తర్వాత రోడ్డెక్కిన కార్లకు మొత్తం బ్రేకు సామర్థ్యం కనీసం 58 శాతం ఉండాలి. ప్యాడ్ మందం 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గినా ఫెయిలే. అందుకని హైబ్రిడ్ కొనేటప్పుడు "ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి" అని అమ్మేవాళ్ళు మురిపిస్తే, డిస్కు ముఖం ఎలా ఉందో అడగాలి.

టైర్లు: బరువు ఎక్కువైతే టైరు తొందరగా అరుగుతుంది. పైగా ఎలక్ట్రిక్ మోటారు ఒక్కసారిగా లాగుతుంది, ఆ లాగుడు టైరు మీదే పడుతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే మేజర్ కూడా కాదు, నేరుగా డేంజరస్. లోపలి దారాలు బయటపడినా అంతే. టైరు ఒక అంచునే అరిగిందని చీటీలో ఉంటే అలైన్‌మెంట్ తప్పిందనో, సస్పెన్షను వదులైందనో అనుమానించాలి. కొత్త టైరు వేసి అమ్మినా ఆ జబ్బు పోదు.

సస్పెన్షను: లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు, లింకు రాడ్లు. ఇవి రబ్బరూ, కీళ్ళూ ఉన్న భాగాలు. మనుషుల మోకాళ్ళలాగే వయసుతోనూ బరువుతోనూ అరుగుతాయి. గుంతలో పడినప్పుడు "టక్" మని శబ్దం వచ్చేది చాలాసార్లు వీటి నుంచే. ఒక ఏడాది అడ్వైజరీగా కనిపించిన బుష్షు రెండు మూడేళ్ళలో మేజర్‌గా మారడం ఈ చీటీల్లో తరచుగా చూసే కథ.

లైట్లు: హెడ్‌లైటు వెలుగు మరీ పైకో మరీ కిందకో పడితే ఫెయిల్. ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళు చెదరకుండా, మన దారి మనకు కనిపించేలా దాని కోణం ఉండాలి. బ్రేకు లైటు, ఇండికేటరు, నంబరు ప్లేటు లైటు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గ్యారేజీకి వెళ్ళే ముందు ఇంటి దగ్గరే ఒకరు పెడలు తొక్కి, ఇంకొకరు వెనక నిలబడి చూస్తే ఇందులో చాలావరకు తప్పించుకోవచ్చు. అయినా ఏటా ఎన్నో బళ్ళు దీనివల్లే ఫెయిలవుతాయంటే అది బండి లోపం కాదు, మనిషి బద్ధకం.

వైపర్లు, అద్దం: అద్దం తుడవలేని వైపరు, నీళ్ళు చిమ్మని వాషరు, డ్రైవరు కంటికెదురుగా అద్దం మీద పగులు, ఇవన్నీ రోడ్డు కనిపించడానికి అడ్డు గనక లెక్కకొస్తాయి.

హెచ్చరిక దీపాలు: డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం, ఏ.బీ.ఎస్. దీపం, ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరకుండా ఉంటే ఫెయిల్. ఈ దీపాల్ని చాలామంది "అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందిలే" అని వదిలేస్తారు. పరీక్షకుడు వదలడు.

పరీక్ష చూడనివి

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. పాస్ అయిందంటే ఆ రోజు, ఆ గంటలో, చూసిన భాగాలు కనీస ప్రమాణానికి తగ్గలేదని మాత్రమే అర్థం. ఏడాదంతా బాగుంటుందని కాదు. ఇంజను, క్లచ్చు, గేరుబాక్సు ఎంత మంచి స్థితిలో ఉన్నాయో ఎం.ఓ.టీ. చూడదు.

హైబ్రిడ్ విషయంలో ఇంకో పెద్ద ఖాళీ ఉంది. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, కారుతోందా, నారింజ రంగు హై వోల్టేజి తీగలు దెబ్బ తిన్నాయా అన్నంతవరకే పైపైన చూస్తారు. ఆ బ్యాటరీలో కొత్తలో పట్టినంత కరెంటు ఇప్పుడూ పడుతోందా అని కొలవరు. లిథియం అయాన్ బ్యాటరీ వయసుతోనూ, ఛార్జింగుతోనూ, వేడితోనూ కొద్దికొద్దిగా సత్తువ కోల్పోతుంది. కొత్తలో నలభై కిలోమీటర్లు కరెంటు మీద వెళ్ళిన బండి పదేళ్ళకు అందులో సగమే వెళ్ళినా చీటీలో పాస్ అనే ఉంటుంది. ఈ సంగతి తెలియాలంటే కంపెనీ సర్వీసు సెంటర్లోనో, ఆ పరికరం ఉన్న మెకానిక్కు దగ్గరో విడిగా బ్యాటరీ పరీక్ష చేయించాలి.

ఇంకో తమాషా. ఇంత పెద్ద బ్యాటరీ ఉన్నా, ఈ బళ్ళల్లో మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. కంప్యూటర్లను మేల్కొలిపేది అదే. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. ఎక్కువ రోజులు కదపకుండా నిలబెట్టిన హైబ్రిడ్ బళ్ళకు ఈ తిప్పలు వస్తుంటాయి. చూడటానికి పెద్ద జబ్బులా ఉంటుంది, ఖర్చు మాత్రం చిన్నది.

ఒక చరిత్ర చదివి చూద్దాం

కింద ఇచ్చింది నిజమైన బండిది కాదు, అభ్యాసం కోసం నేను కూర్చిన లెక్క. 2015 సెప్టెంబరులో రోడ్డెక్కిన ఔట్‌లాండర్ అనుకోండి. మీటరు మైళ్ళలో ఉంటుంది.

2018: 28,000. పాస్. అడ్వైజరీలు లేవు.
2019: 39,000. పాస్. ముందు టైర్లు రెండూ హద్దుకి దగ్గరగా అరిగాయని అడ్వైజరీ.
2020: 47,000. ఫెయిల్. ముందు ఎడమ టైరు లోతు చాలదు, డేంజరస్. అదే రోజు మళ్ళీ పరీక్ష, పాస్.
2021: 55,000. పాస్. వెనక డిస్కులు తుప్పు పట్టాయని, కుడి వైపు బుష్షు కొద్దిగా వదులైందని అడ్వైజరీ.
2022: 61,000. పాస్. సరిగ్గా అవే రెండు అడ్వైజరీలు.
2023: 66,000. ఫెయిల్. వెనక బ్రేకుల్లో తేడా, బుష్షు మితిమీరి అరిగింది. వారానికి పాస్.
2024: 71,000. పాస్. అడ్వైజరీలు లేవు.

దీన్ని హడావుడిగా చూస్తే "రెండుసార్లు ఫెయిలైంది, వద్దు" అనిపిస్తుంది. ఒక్కొక్క వరుసా చదివితే వేరే కథ కనిపిస్తుంది.

మొదటిది, మీటరు ఏటేటా పెరుగుతూనే వచ్చింది. ఎక్కడా వెనక్కి రాలేదు. అంటే మీటరు తిప్పిన గుర్తు లేదు. రెండోది, 2019లో టైర్లు అరుగుతున్నాయని చెప్పారు. యజమాని పదకొండు వేల మైళ్ళు పోయాక వచ్చిన ఆ మాటని పట్టించుకోలేదు, 2020లో అదే టైరు డేంజరస్ అయింది. అంటే ఆ ఏడాదిలో కొంతకాలం ఆ ఇంట్లోవాళ్ళు వానలో పట్టులేని టైరు మీద తిరిగారు. మూడోది, 2021, 2022 చీటీల్లో ఒకే వాక్యం రెండుసార్లు ఉంది. చెప్పిన మాట చెప్పినట్టే మళ్ళీ కనిపిస్తే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. అది 2023లో ఫెయిల్‌గా బయటపడింది. నాలుగోది, 2023 తర్వాత చీటీ శుభ్రంగా ఉంది. డిస్కులూ బుష్షులూ మార్చారన్నమాట. అమ్మేవాళ్ళని ఆ బిల్లు అడగాలి.

నా లెక్కలో ఫెయిలవడం అవమానం కాదు. లోపాన్ని కనిపెట్టి, బాగుచేసి, మళ్ళీ పాస్ అయిన బండి కంటే, ఏటేటా అదే హెచ్చరికని మోస్తూ పాసవుతున్న బండే ఎక్కువ అనుమానించాల్సింది. చీటీ బండి స్థితితోపాటు దాన్ని పెంచినవాళ్ళ స్వభావం కూడా చెబుతుంది.

మరి మన దగ్గర?

మన బెంగళూరులో "బండి ఎఫ్‌సీకి పోయింది" అన్న మాట టాక్సీ, లారీ, ఆటో ఉన్న ఇళ్ళల్లో వింటుంటాం. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. పసుపు బోర్డు బళ్ళకు మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ఏటా అది కావాలి. తెల్ల బోర్డు సొంత కార్ల సంగతి వేరు. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ఇస్తారు. ఆ గడువు ముగిశాకే పరీక్ష చేయించి, ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. మధ్యలో మనం చేయించే ఎమిషన్ టెస్టు పొగని చూస్తుందే తప్ప బ్రేకునీ టైరునీ చూడదు.

ఇప్పుడు హైబ్రిడ్ ఎస్‌యూవీల దగ్గరికి వద్దాం. మనకు పక్కనే ఉన్న బిడది ఫ్యాక్టరీలో తయారయ్యే టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా 2022లో మార్కెట్లోకి వచ్చాయి. వీటికి ప్లగ్ ఉండదు, బ్యాటరీ కూడా ఔట్‌లాండర్‌దానికంటే చాలా చిన్నది. కానీ మోటారుతో వేగం తగ్గించే పద్ధతి అదే. 2022లో కొన్న సొంత బండికి చట్టప్రకారం మొదటి ఫిట్‌నెస్ పరీక్ష 2037లో. అప్పటిదాకా అది ఎన్ని చేతులు మారినా, మూడో మనిషి కింద దూరి చూసి రాసిన కాగితం ఒక్కటీ ఉండనక్కర్లేదు. మనకు మంచు మీద చల్లే ఉప్పు లేదు. కానీ చెన్నై, విశాఖ, యానాం, పూరీ వైపు సముద్రపు గాలి ఉంది. ఇంటి ముందు వానలో వారాల తరబడి నిలబడే బళ్ళు ఊరూరా ఉన్నాయి. మన గుంతల రోడ్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

అందుకని మన ఎం.ఓ.టీ. మనమే పెట్టుకోవాలి. అమ్మేవాళ్ళకు సంబంధం లేని ఒక మెకానిక్కుకి డబ్బిచ్చి బండిని లిఫ్ట్ మీద చూపించాలి. చూసినదాన్ని నోటితో చెబితే చాలదు, కాగితం మీద రాసిమ్మని అడగాలి. అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

1. నాలుగు డిస్కుల ముఖాలు ఎలా ఉన్నాయి? ముఖ్యంగా వెనకవి. తుప్పు పైపైనా, లోతుగానా?
2. ప్రతి టైరు గాడిలోనూ చిన్న గట్టు ఉంటుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. దానికి ఎంత ఎత్తులో ఉంది? అంచులు సమంగా అరిగాయా?
3. లోయర్ ఆర్మ్ బుష్షు, బాల్ జాయింటు: అరుగుతున్నాయా, అరిగిపోయాయా?
4. తాళం తిప్పినప్పుడు హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, తర్వాత ఆరుతున్నాయా? అసలు వెలగకపోయినా అనుమానమే, బల్బు పీకేసి ఉండవచ్చు.
5. హైబ్రిడ్ బ్యాటరీ ఆరోగ్య పరీక్ష చీటీ ఉందా? వారంటీ ఇంకా ఎన్నాళ్ళుంది, కొత్త యజమానికి వర్తిస్తుందా? (టొయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అని ఇస్తోంది.)
6. కంపెనీ సర్వీసు రికార్డులో ఒక్కో తేదీకి మీటరు ఎంత? అంకెలు వరుసగా పెరుగుతున్నాయా? మనకు మీటరు చరిత్ర దొరికే చోటు ఇదే.
7. ఎం-పరివాహన్‌లో రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు, ఎమిషన్ గడువు, లోను బాకీ సరిపోతున్నాయా?

చివరిగా, ఆంధ్ర, తెలంగాణల నంబరున్న బండిని చుట్టాల దగ్గర కొనడం మన సరిహద్దు కుటుంబాల్లో మామూలే. ఇంకో రాష్ట్రపు బండిని ఇక్కడ 12 నెలలకు మించి వాడితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, కర్ణాటక పన్ను కట్టాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్.ఓ.సీ. తెచ్చుకోవాలి. ఈ ఖర్చు కలుపుకోకుండా "మనవాళ్ళే కదా, చవగ్గా ఇచ్చారు" అనుకోకండి.

బండి మంచిచెడ్డలు ఒకరి నోటిమాటగా ఉన్నంతకాలం, ఆ నోరు ఎవరిదైతే నిర్ణయం వాళ్ళదే. అవి కాగితం మీదికి వస్తే మాత్రం చదవగలిగిన ప్రతి ఒక్కరిదీ. అమ్మ చదవచ్చు, మనం చదవచ్చు, అర్థం కాని చోట వేలు పెట్టి అడగవచ్చు. "బాగానే ఉంది" అన్నప్పుడు "ఏది?" అని అడగడం పెద్దవాళ్ళని ధిక్కరించడం కాదు. ఆ బండిలో వెనక సీట్లో కూర్చునే తమ్ముడి గురించీ అవ్వ గురించీ ఆలోచించడం.

ఈ కాగితం పక్కన ఒక తెల్ల ఠావు అంటించాం. మీ ఇంట్లో, మీ వీధి షెడ్డులో బండి భాగాలకు వాడే తెలుగు మాటలు, అందులో కన్నడం, తమిళం, ఒడియా కలిసినా పరవాలేదు, దాని మీద రాయండి. ఏ మాట ఏ ఊరిదో కూడా రాస్తే ఇంకా మేలు.